దొరలు ఉన్న తొమ్మిది రోజులు

మా ఊళ్లో పిల్లలకు ఒళ్లంతా ఎర్రగా పేలితే జ్వరం వచ్చిందని ఎవరూ అనరు. దొరలు దిగారంటారు. గుమ్మానికి ఎర్రగుడ్డ కడతారు. ఆ గుడ్డ కంటపడగానే మక్రీనత్త పొయ్యి ఆర్పి, కోళ్లను పొరుగింట్లో అప్పగించి, చేతులు కడుక్కుని ఆ ఇంటికి వచ్చేసేది. ఆమెను పిలవక్కర్లేదు.

దొరలు కంటికి కనబడరు. పిల్లల ఒంట్లో బసచేసే అతిథులు వాళ్లు. మర్యాదగా చూసుకుంటే తొమ్మిదో రోజున సంతోషంగా లేచి వెళ్తారు. మనసు నొచ్చుకుంటే పిల్లను వెంటబెట్టుకుని వెళ్తారు. అందుకని ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో గొంతు పెంచకూడదు, కోడిని కొయ్యకూడదు, కన్నీరు పెట్టకూడదు. చెడ్డమాట ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. చూడవచ్చినవాళ్లు ఊదాపూలో తేనెపట్టు ముక్కో పట్టుకుని నవ్వుముఖంతో రావాలి. దొరలకు లాలి పాడే మనిషి మంచం పక్కన కూర్చుంటే మళ్లీ దొరలను సాగనంపేదాకా గుమ్మం దిగదు.

ఇప్పుడు మాకు డాక్టరమ్మ ఉంది, సూదిమందు ఉంది. నా పిల్లలకు పేలినప్పుడు నేను ముందు పరిగెత్తింది డాక్టరమ్మ దగ్గరికే. వచ్చాక ఎర్రగుడ్డ కూడా కట్టాను. దేవుడు రెండు చేతులతోనూ పనిచేస్తాడని నా నమ్మకం.

మక్రీనత్తకు మా ఇంటికి మధ్య ఒక్క కంచె. కొండ అవతలి ఊరి నుంచి కోడలిగా వచ్చింది. భర్త యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. తోటలో తొలిసారి కాసిన దోసకాయను తన ఇంట్లో ఎప్పుడూ కొయ్యలేదు. కంచె కర్రమీద పెట్టి వెళ్లేది, మేము లేవకముందే. ఇక ఆమె గొంతు తియ్యనిదేం కాదు. పాత తలుపును ఎవరూ నిద్రలేవకుండా మెల్లగా తీసినట్టు కొంచెం బొంగురుగా ఉండేది. మా పాటలకు మూడు గొంతులు కావాలి. మొదటిది మక్రీనత్త ఎత్తుకునేది. కింది గొంతు మా నానమ్మది. మూడోది ఒకే స్వరం మీద నిలిచి ఉండే గొంతు, అది ఎవరు దగ్గరుంటే వాళ్లది. మా సిలోవాన్ తాత వరండాలో కొడవలి నూరుకుంటూ ఆ మూడో గొంతు పట్టేవాడు.

నాకు ఏడేళ్లప్పుడు దొరలు దిగారు. మార్చి నెల, ఊదాపూల కాలం. ఆ వేడి, ఆ దురద ఇప్పుడు గుర్తులేవు. మంచం మీద ఎర్ర దుప్పటి, దొరలకు కానుకగా కొమ్మకు వేలాడగట్టిన బెల్లపు బిళ్లలు, మక్రీనత్త అరచెయ్యి గుర్తున్నాయి. పాటలో మాటలు కొన్నే. గుర్రాలు దిగండి దొరలూ, మా గడ్డి మెత్తన, మా పాలు వెచ్చన, పాప కునికాక మెల్లగా లేవండి. ఇంతే. తిప్పితిప్పి అదే. నేను కళ్లు తెరిచినప్పుడల్లా అది సాగుతూనే ఉండేది. తల్లి కడుపులో ఇంత నిశ్చింతగా ఉంటుందేమో. ఆ తరవాత జీవితంలో ఎన్ని భయాలు వచ్చాయో, వచ్చినప్పుడల్లా ఆ తొమ్మిది రోజుల్లోకి వెళ్లి తల దాచుకున్నాను. ప్రసవం నొప్పుల్లో కూడా నేను దేవుని పేరుతో పాటు పలికింది ఆ పాటే.

అలాంటి ఆ రోజులే ముప్పై రెండేళ్ల తరవాత ఒక మధ్యాహ్నం నా కాళ్ల కింద నుంచి జారిపోయాయి.

ఈస్టర్‌కు పదిరోజుల ముందు పట్నం సంతకు వెళ్లాను. గుడ్లకు ఎర్రరంగు వేసే వేరు కొనాలి. ఒక ముసలామె గోనెపట్టా మీద వేళ్లు కట్టలు కట్టి అమ్ముతోంది. నల్లబట్టలు, గట్టి ముఖం. కట్ట చేతికిస్తూ ఏ ఊరమ్మాయివని అడిగింది. చెప్పాను.

"ఓహో, పాటలమ్మ ఊరా," అంది. "ఉందా ఇంకా మా ఆడబిడ్డ? మక్రీనె?"

ఉందని, మా పొరుగేనని, పెద్దదైపోయిందని సంతోషంగా చెప్పబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. తన పేరు దెస్పీనె అని, మక్రీనె తమ్ముడు బెసారియోన్ భార్యనని చెప్పింది. కొండమీద నరుకుతున్న చెట్టు మీదపడి అతను చనిపోతే, అక్క వచ్చి ఏడవాలని అయిదురోజులు మట్టి చెయ్యకుండా ఆపారట. మా వైపు తోడబుట్టింది శవం పక్కన కూర్చుని గొంతెత్తి ఏడవకపోతే ఆ మనిషికి దారి దొరకదంటారు.

"గుర్రం మీద మనిషిని పంపాం. కబురు అందింది. రాలేదు. ఎవరింట్లోనో దొరలకు లాలి పాడుతోందట. మట్టి అయిపోయాక తీరిగ్గా వచ్చి గేటు ముందు నిలబడింది. పాటలు అయిపోయాయా వదినా అని అడిగాను. గేటు తియ్యలేదు. ఈనాటిదాకా తియ్యలేదు."

ఏ సంవత్సరం అని అడిగాను. చెప్పింది. ఏ నెల అని అడిగాను. ఊదాపూల నెల అంది.

వేళ్ల కట్ట నా చేతిలోనే ఉంది. దాని మట్టి నా చేతివేళ్ల సందుల్లోంచి రాలుతోంది. ఆ ఇల్లు మాది, ఆ పిల్లను నేను. కట్టను, సంచిని అక్కడే మరిచిపోయి బస్సెక్కాను. దారంతా చర్చి గోపురం కనబడినచోటల్లా సిలువ గీసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు.

నానమ్మ అప్పటికి పోయి రెండేళ్లయింది. తాతకు తొంభై. వరండాలో మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. ఎదురుగా కూర్చుని, బెసారియోన్ చావుకబురు ఎవరికి అందిందని అడిగాను. తాత చేతులు ఆగాయి. కాసేపు కంకిని అటూ ఇటూ తిప్పాడు.

"నాకే," అన్నాడు. "గేటు దగ్గర. చెప్తానన్నాను. కబురు తెచ్చినవాడికి ద్రాక్షసారా పోసి పంపేశాను."

"చెప్పలేదా తాతా?"

"నీ ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. ఇంట్లో దొరలు. చావుకబురు గడప ఎలా దాటించను?"

నానమ్మతో కూడా అనలేదట. తొమ్మిదో రోజున ఆ కానుకల కొమ్మను కూడలిలో పెట్టి, దొరలకు దండం పెట్టి అందరూ వెనక్కి తిరిగాక, ఆ కూడలిలోనే మక్రీనత్తకు చెప్పాడట. తాను కాళ్లమీద పడబోతే ఆమె ఆపి, పాపకు పాలు కాచి ఇవ్వమందట. తన గుర్రం ఇస్తానంటే వద్దని కొండదారిన నడిచి వెళ్లిపోయిందట.

ప్రతి మార్చిలోనూ మక్రీనత్త ద్రాక్షపందిరి కొమ్మలు కత్తిరించేది మా తాతే. పిలవకుండా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లేవాడు. తొంభై ఏళ్లకు నిచ్చెన ఎక్కలేక, కింద నిలబడి మా ఆయన చేత చేయిస్తున్నాడు. ఇన్నేళ్లూ అది పొరుగువాళ్ల మంచితనమనుకున్నాను. ఆ సాయంత్రం ఆ నిచ్చెన నాకు వేరేగా కనబడింది. నేను బతకడానికి ఒకామె తమ్ముణ్ణి చూసుకోకుండా చేశారు. నేను తలదాచుకున్న చోటు మరొకరి శవం పక్కన ఖాళీగా ఉన్న పీట.

మర్నాడు పొద్దున్నే కంచె దాటి వెళ్లాను. మక్రీనత్త ఇంటి ముందు బీన్స్ గింజల్లో రాళ్లు ఏరుతోంది. నేను ఆమె మోకాళ్ల దగ్గర కూలబడి సంత సంగతి, తాత చెప్పిన సంగతి అంతా వెళ్లగక్కాను. దెస్పీనె దగ్గరికి వెళ్లి, నీకు కబురే తెలియదని, తప్పంతా మా ఇంటిదని చెప్పేస్తానన్నాను. ఈ ఈస్టర్‌కు ఆ గేటు తెరిపిస్తానన్నాను.

ఆమె గింజలు ఏరడం ఆపలేదు.

"అబద్ధం చెప్పకు, లమారా," అంది. "నాకు తెలుసు."

నేను తలెత్తాను.

"మూడోరోజే తెలుసు. మీ తాత గదిలోకి వచ్చాడు, చేతినిండా ఊదాపూలు. వేళ్లతో, మట్టితో సహా పీక్కొచ్చాడు. మొగాడు, పువ్వు ఎలా తెంపాలో ఏం తెలుసు పాపం. పైగా నవ్వుతున్నాడు. నేను కాపరానికొచ్చి పద్నాలుగేళ్లు, ఆ మనిషి పళ్లు అంతకుముందు చూడలేదు. కిటికీలోంచి గేటు వైపు చూశాను. మా తమ్ముడు బేసో గుర్రం. దాని వీపుమీద వాడి పెళ్లికి నేను నేసిన గుడ్డ. ఎక్కి కూర్చున్నది వేరేవాడు."

అక్కడ ఆగి ఒక నల్లరాయిని గింజల్లోంచి తీసి అవతల వేసింది.

"ఎవరో పోయారని తెలిసింది. ఎవరన్నది తెలియదు. అమ్మ పోతే వాడు పనుల్లో ఉండి మనిషిని పంపి ఉంటాడు. వాడు పోతే అమ్మ పంపి ఉంటుంది. అడగొచ్చు. వరండాలోకి ఒక్క అడుగు వేసి అడిగితే మీ తాత చెప్పేవాడు. దొరలు కూడా క్షమించేవాళ్లేమో. ఎవరినైనా పాడమని చెప్పి వెళ్లిపోవచ్చు. మీ నానమ్మకు పాట మొత్తం వచ్చు."

"మరి నాకోసమే కదా అత్తా..."

"నీకోసం కాదు. ఆ బరువు నీ నెత్తిన పెట్టుకోకు. నాలుగోరోజుకే నీకు చెమట పట్టి వేడి దిగింది, నాకు తెలియదా? ఆ పాట సాగినంతసేపు అమ్మా బతికే ఉంది, బేసో బతికే ఉన్నాడు. ఆపితే ఒకరు చావాలి. అందుకని ఆపలేదు. ఆరు రోజులు మా ఇంట్లో ఎవరూ చావలేదు, లమారా."

ఎండ, గింజలు, కోళ్లు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నాకు మాత్రం ఆకాశం ఒక్కసారి పక్కకు ఒరిగినట్టయింది. నేను ఆ మంచంలో పడుకుని నిశ్చింతగా కళ్లు మూసుకున్నప్పుడు, పాడుతున్న మనిషి కూడా అదే దుప్పటి కింద దూరి ఉంది. మేమిద్దరం ఒకే పాటలో దాక్కున్నాం. నన్నయితే నాలుగోరోజుకు బయటికి తెచ్చారు. ఆమెను తెచ్చేవాళ్లు లేరు.

బేసోను పెంచింది తనేనని ఆమె మెల్లగా చెప్పింది. తల్లి పొలంలో ఉంటే ఎనిమిదేళ్ల పిల్ల తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని ఊపేది. మొదట ఈ పాట పాడింది వాడికే. గేటు ముందు దెస్పీనె పాటలు అయిపోయాయా అని అడిగినప్పుడు కాదని అనలేకపోయింది. ఆ మాట నిజమే కదా. తనకు ఇప్పుడు కావలసింది ఒక్కటే. చనిపోయేలోగా ఆ మట్టి దగ్గర ఒకసారి కూర్చోవాలి. కానీ ఆ ఇంటివాళ్లు రానివ్వకుండా అక్కడికి వెళ్లదు, అబద్ధం చెప్పుకుని ఆ గేటు దాటదు.

"పోయి ఉన్నదున్నట్టు చెప్పు," అంది. "తియ్యకపోతే తియ్యదు."

రెండు రోజులు నేను నిద్రాహారాలు సరిగా లేక తిరిగాను. అబద్ధం చెబితే గేటు తెరుచుకుంటుంది. నిజం చెబితే శాశ్వతంగా మూసుకుపోతుందని నా భయం. కబురు తెలియక రాలేదంటే ఎవరైనా క్షమిస్తారు. తెలిసీ రాలేదు, పాడుతూ కూర్చుందంటే భర్తను పోగొట్టుకున్న మనిషి ఎలా క్షమిస్తుంది? మేరీమాత పటం ముందు మైనపువత్తి వెలిగించి అడిగాను. జవాబేమీ రాలేదు గాని, అబద్ధం చెప్పే ధైర్యం మాత్రం పోయింది.

తరవాతి సంతరోజున దెస్పీనె అదేచోట కూర్చుని ఉంది. నన్ను చూడగానే పట్టా కింద నుంచి నా సంచి తీసింది. అందులో నేను మరిచిన వేళ్ల కట్టతోపాటు ఇంకో కట్ట అదనంగా పెట్టి ఉంది.

"పరిగెత్తావేం? నేను కరుస్తానా?" అంది.

నేను ఆమె పక్కన నేలమీద కూర్చుని ఆ పిల్లను నేనేనన్నాను. తాత గేటు దగ్గర దాచింది చెప్పాను. ఆమె ముఖం కొంచెం మెత్తబడింది. అక్కడితో ఆపెయ్యొచ్చు. దేవుడు చూస్తున్నాడని మిగతాది కూడా చెప్పాను. గుర్రం, గుడ్డ, మట్టితో ఊదాపూలు, ఆరు రోజులు. చెబుతుంటే ఆమె ముఖంలోని రంగు పోవడం చూశాను. కొనడానికి వచ్చిన ఒకాయన కట్ట ఎత్తి చూపిస్తే ఆమె కళ్లెత్తలేదు. ఆయన కట్ట కింద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు అడిగింది.

"ఆ ఆరు రోజులూ ఆవిడకి ఆయన బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"నాకు ఒక్కపూట కూడా లేడు," అంది. "పొద్దున రొట్టె కట్టిచ్చాను, మధ్యాహ్నం మోసుకొచ్చారు."

పట్టా నాలుగు మూలలూ కలిపి వేళ్లన్నీ మూటగట్టింది. సంత ఇంకా సగం కూడా కాలేదు. మూట భుజాన వేసుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అంది.

"ఈస్టర్ సోమవారం తీసుకురా."

ఈస్టర్ సోమవారం మా వైపు అందరూ సమాధుల దగ్గరికి వెళ్తారు. ఎర్రగుడ్లు, రొట్టె, ద్రాక్షసారా పట్టుకెళ్లి తమవాళ్ల పక్కన కూర్చుంటారు. మా ఆయన లారీ ముందుసీట్లో మక్రీనత్తను కూర్చోబెట్టి కొండ దాటించాం. ఆమె ఒళ్లో గుడ్ల పళ్లెం. దాని అంచు చుట్టూ ఊదాపూలు, కాడలు ఒక్కలాగే తెంపినవి. నాకు దారంతా భయమే. నలుగురి ముందూ దెస్పీనె ఏమంటుందో, ముప్పై రెండేళ్లు దాచుకున్న మాట ఇప్పుడు విసురుతుందేమోనని.

దెస్పీనె ఇంటి గేటు తీసే ఉంది. గేటు పక్కన ఆమె నిలబడి ఉంది. ఇద్దరు ముసలివాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజు ఎవరు ఎవరిని కలిసినా మొదట అనాల్సిన మాట ఒకటుంది. అనకుండా ముందుకు సాగకూడదు.

"క్రీస్తు లేచాడు," అంది దెస్పీనె.

"నిజంగా లేచాడు," అంది మక్రీనత్త.

ఇద్దరూ సమాధుల వైపు నడిచారు. వెనక నేను, మా ఆయన. చుట్టుపక్కల కుటుంబాలవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. పాటలమ్మ వచ్చిందని ఎవరో మెల్లగా అనడం వినబడింది.

బెసారియోన్ రాయి దగ్గర మక్రీనత్త మోకాళ్లమీద కూర్చుంది. ఒక గుడ్డును రాయిమీద దొర్లించింది. తలగుడ్డ ముడి విప్పి జుట్టు వదులు చేసింది. ఏడవబోయే ఆడవాళ్లు అలా చేస్తారు. బాకీపడ్డ ఏడుపు ఏడవడానికి ఊపిరి తీసుకుంది. దెస్పీనె ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"వద్దు వదినా. ఏడుపు నీ వంతు కూడా నేనే ఏడ్చేశాను. ఆ పాట పాడు."

మక్రీనత్త తలెత్తి చూసింది. నేనూ నిర్ఘాంతపోయి చూశాను. దొరల పాటను చచ్చినవాళ్ల దగ్గర ఎవరూ పాడరు. అది బతికించడానికి పాడే పాట. చూస్తున్నవాళ్లలో ఒక పెద్దాయన సిలువ గీసుకున్నాడు.

"ఆ ఆరు రోజులు ఎలా ఉండేవో నాకూ తెలియాలి," అంది దెస్పీనె. అని రాయి పక్కన కూర్చుని కాళ్లు చాపుకుంది.

మక్రీనత్త మొదలుపెట్టింది. ఆ బొంగురు గొంతు ఇంకా బొంగురైంది. గుర్రాలు దిగండి దొరలూ. మొదటి చరణం ఒంటరిగానే సాగింది. కింది గొంతు నానమ్మది, నానమ్మ లేదు. నేను పట్టుకోబోయాను. ఏడుపు అడ్డుపడి సరిగా కుదరలేదు. మా ఆయన ఎందుకైనా మంచిదని మూడో గొంతు పట్టాడు.

రెండో చరణం మధ్యలో దెస్పీనె నా మోకాలి మీద గట్టిగా తట్టింది.

"ఏమిటా కింది గొంతు? మీ ఊళ్లో ఇలా పాడతారా? తప్పుకో."

అని తనే పట్టింది. కొండవైపు పద్ధతి వేరు. వాళ్ల కింది గొంతు మా కంటే ఒక మెట్టు దిగి వెళ్తుంది. మక్రీనత్త ఒక్కక్షణం తడబడింది. వెంటనే తన గొంతును ఆ గొంతుకు తగ్గట్టు జరుపుకుంది, చిన్నప్పుడు తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని పాడిన పద్ధతిలోకి. పాప కునికాక మెల్లగా లేవండి. మళ్లీ మొదటికి. పక్క సమాధుల దగ్గర పిల్లలు గుడ్లు కొట్టుకునే పందెం ఆపేశారు.

ఎన్నిసార్లు తిప్పిపాడారో లెక్కపెట్టలేదు. ఆపడానికి ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు. సారా సీసా మూత తియ్యనే లేదు. నేను పళ్లెంలోని ఊదాపూలు తీసి రాయిమీద పరుస్తూ కూర్చున్నాను.